పై అచ్చుకు అంటుకున్న బిళ్ళ

బందరులో ముక్తేవి కోదండపాణి మాస్టారిని ప్రశ్న అడిగినవాడెవడూ జవాబు పట్టుకుని ఇంటికి వెళ్ళిన దాఖలా లేదు. పాత నాణేలు చదవడం నేర్చుకోవడానికి ఆయన దగ్గరికి ప్రతి ఆదివారం నలుగురైదుగురు వచ్చేవారు. ఎవరైనా "ఇది ఎందుకిలా ఉంది మాస్టారూ" అనగానే ఆయన నస్యం డబ్బీ తీసి ఒక పట్టు పట్టేవారు. తుమ్ము వస్తే తుమ్మి, రాకపోతే దాని కోసం కాసేపు ఓపిగ్గా ఎదురుచూసి, "పద, ఒకచోటికి వెళ్ళొద్దాం" అనేవారు. ఆ చోటు చేపల రేవు కావచ్చు, కుమ్మరివాళ్ళ ఆవం కావచ్చు, గొడుగులు బాగుచేసేవాడి అరుగు కావచ్చు. అక్కడ ఏదో ఒకటి జరిగేది. జరిగాక మాస్టారు ఒక్క ముక్క అనేవారు, ఒక్కోసారి అదీ అనేవారు కాదు. అర్థమైనవాడికి అర్థమయ్యేది, కానివాడికి ఆటో ప్రయాణం మిగిలేది. వాదించడం ఆయనకు చేతకాక కాదు. వాదనలో గెలిచినవాడు ఆ గెలుపునే గుర్తుపెట్టుకుంటాడు తప్ప విషయాన్ని గుర్తుపెట్టుకోడని ఆయన అనుభవం.

ఆయన శిష్యుల్లో మేడూరి వామనరావు అందరికన్నా పాతవాడు. పదకొండేళ్ళ శుశ్రూష. గురుభక్తిలో అతన్ని మించినవాళ్ళు ఆ జిల్లాలో లేరని అందరూ ఒప్పుకుంటారు, కాస్త నవ్వుతూనే ఒప్పుకుంటారు. మాస్టారికి చలి శరీరం గనుక ఎండాకాలంలో కూడా భుజం మీద శాలువా ఉండేది. వామనరావుకు అలాంటి బాధేమీ లేకపోయినా బందరు ఉక్కపోతలో శాలువా కప్పుకుని చెమటలు కక్కేవాడు. మాస్టారి చేతిరాతలో 'ళ' కొంచెం కుంటుతుంది, ఇతని 'ళ' కూడా అలాగే కుంటేది. మాస్టారు ఉపన్యాసం మధ్యలో నస్యం కోసం ఆగేవారు. వామనరావు అదే పాఠం చెబుతూ సరిగ్గా అదే వాక్యం దగ్గర ఆగేవాడు. అతనికి నస్యం అలవాటు లేదు. ఆగి, ఊరికే నిలబడి, తగినంత సేపు గడిచాక మళ్ళీ అందుకునేవాడు. వినేవాళ్ళు కరెంటు పోయిందేమోనని మైకు వైపు చూసేవారు.

ఆ ఊళ్ళో పురావస్తు సంఘం ఒకటి ఉంది. వెనకటికి ఓడల మీద ఇంజినీరుగా చేసిన బందరు ఆయన ఒకరు గ్రీసు రేవుల్లో, టర్కీ రేవుల్లో తిరిగినన్నాళ్ళూ పాత గ్రీకు కంచు నాణేలు పోగుచేసి, పోయేముందు వాటిని ఈ సంఘానికి రాసిచ్చారు. బంగారువి కావు, వెండివీ కావు. రెండు వేల ఏళ్ళ కిందట సంతలో కూరకూ నూనెకూ చెల్లిన చిల్లర. బొటనవేలి గోరంత కంచు మీద దేవుణ్ణి నిలువునా చెక్కడానికి చోటు చాలదు కాబట్టి అచ్చులు చెక్కినవాళ్ళు చాలాసార్లు ఆ దేవుడి గుర్తు మాత్రమే చెక్కి ఊరుకున్నారు. గుడ్లగూబ ఉంటే అథీనా, పిడుగు ఉంటే జ్యూస్, ముక్కాలి పీట ఉంటే అపోలో, కర్రకు చుట్టుకున్న పాము ఉంటే వైద్యుల దేవుడు. లారీ అద్దం మీద మూడు నామాలు కనిపిస్తే ఆ డ్రైవరు ఏ కొండెక్కి వచ్చాడో మనకు వేరే చెప్పనక్కర్లేదు కదా, ఇదీ అంతే. ముప్పై ఏళ్ళ కిందట కోదండపాణి మాస్టారు ఈ నాణేలన్నీ ఒక్కొక్కటే చూసి, ఏ గుర్తు ఏ దేవతదో వివరిస్తూ చిన్న పుస్తకం రాశారు. బందరులో గ్రీకు దేవుళ్ళ గురించి ఎవరికి ఏం తెలిసినా ఆ పుస్తకం పుణ్యమే.

ఇప్పుడు సంఘంవాళ్ళు ఆ నాణేలకు ఒక గది కేటాయించి, అద్దాల పెట్టెలు చేయించి, వాటిని చూసుకుంటూ వచ్చినవాళ్ళకు వివరించే మనిషిని పర్మనెంటుగా పెట్టుకోవాలనుకున్నారు. వామనరావు ఆరేళ్ళుగా అక్కడే తాత్కాలికం మీద పనిచేస్తున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఈ నాణేలు తప్ప అతనికి మరో పని తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. రోజూ పొద్దున ఆ నాణేల ట్రేలు బయటికి తీసేటప్పుడు అతని మొహంలో వెలుగు చూసినవాళ్ళెవరైనా ఉద్యోగం ఇతనికి కాక ఇంకెవరికిస్తారు అనే అనుకుంటారు. కమిటీవాళ్ళు కూడా అలాగే అనుకుని, పద్ధతి కోసం ఒక సాయంత్రం ఊళ్ళో పదిమందిని పిలిచి అతని చేత కొన్ని నాణేలు చెప్పించారు.

గుడ్లగూబ బాగానే గడిచింది. పిడుగు గడిచింది. తరువాత తెర మీద దానిమ్మ నాణెం బొమ్మ వేశారు. ఒకవైపు అరిగిపోయిన ఆడమనిషి మొహం, రెండోవైపు గుండ్రటి కాయ, దాని పక్కన సన్నటి కొమ్మ. మాస్టారి పుస్తకంలో అందరికీ ఇష్టమైన భాగం ఇదే. పెర్సెఫొనీ అనే పిల్లను పాతాళపు రాజు ఎత్తుకుపోవడం, పంటల దేవత అయిన తల్లి డిమీటర్ బిడ్డ కోసం వెతుకుతూ పొలాలను ఎండబెట్టేయడం, చివరికి పిల్ల పైకి రాబోతూ అక్కడ నాలుగు దానిమ్మ గింజలు నోట్లో వేసుకోవడం, తిన్న పాపానికి ఏటా కొన్ని నెలలు మళ్ళీ కిందికే పోవలసిరావడం, ఇదంతా మాస్టారు చెబుతుంటే ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవారు. వామనరావు అక్షరం పొల్లుపోకుండా అదంతా చెప్పి, నస్యం దగ్గర ఆగాడు.

ఆ ఖాళీలో ముందు వరసలోంచి జకరయ్య గారు చెయ్యెత్తారు. ఆయన ఎక్సైజు శాఖలో చేసి రిటైరైన మనిషి, కాలక్షేపానికి వచ్చారు.

"ఒక్క మాటండి. మదనపల్లి వైపు దొంగచాటుగా గసగసాల తోటలు వేస్తుంటే పీకించే డ్యూటీ నాకు రెండేళ్ళు పడిందండి. ఈ కాయలు బస్తాలకొద్దీ చూశాను. దానిమ్మకి పైన కిరీటం నిక్కి ఉంటుంది. దీనికి చూడండి, చదును మూత. దాని మీద చక్రంలాగా గీతలు. ఇది దానిమ్మ కాదండి, గసగసాల కాయ."

కొందరు నవ్వారు. వామనరావు గొంతు సవరించుకున్నాడు. "మా మాస్టారి పుస్తకంలో నలభై మూడో పేజీలో దానిమ్మ అని స్పష్టంగా ఉందండి."

"పుస్తకంలో లేదని నేననలేదండి. నాణెం మీద లేదంటున్నాను."

ఈసారి అందరూ నవ్వారు. సంఘం కార్యదర్శి దమయంతి గారు మాత్రం నవ్వలేదు. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి, పిల్లవాడు చూసి రాస్తున్నాడో తెలిసి రాస్తున్నాడో దూరం నుంచే పసిగట్టగలరు. "వామనరావు గారూ, మాస్టారి పుస్తకం మా బీరువాలో ఉంది. అది చదివి వినిపించడానికైతే మనిషి దేనికండీ? మీకేం కనిపిస్తోందో అది చెప్పండి" అన్నారు.

వామనరావు తెర వైపు తిరిగి చాలాసేపు చూశాడు. "మాస్టారు చెప్పిందే కనిపిస్తోందండి" అన్నాడు. అందులో అబద్ధం లేదు. అసలు దారుణం అదే. ఎందుకంటే అవనిగడ్డలో అతని తాతగారు ఆయుర్వేదం చేసేవారు. మందుల కొట్లో ఎండిన గసగసాల కాయలు దండలుగా గుచ్చి దూలానికి వేలాడగట్టేవారు. చిన్నప్పుడు వామనరావు వాటిని చెవి దగ్గర ఆడించి లోపల గింజలు గలగలలాడితే వింటూ గంటలు గడిపినవాడు. పదకొండేళ్ళ కిందట మాస్టారు ఈ నాణెం మొదటిసారి అతని చేతిలో పెట్టినప్పుడు బొటనవేలు ఆ చదును మూత మీదికి పోగానే ఆ కొట్టు వాసన ముక్కుకు తగిలింది కూడా. నోరు తెరిచేలోగా మాస్టారు "దానిమ్మ" అన్నారు. నోరు మూసుకున్నాడు. ఆ రోజు తరువాత అతనికి మళ్ళీ ఎప్పుడూ ఆ వాసన రాలేదు.

దమయంతి గారు వారం గడువిచ్చారు. వచ్చే గురువారం మళ్ళీ చెప్పాలి, నాణేల పక్కన పెట్టే చీటీలు కూడా సొంతంగా రాసుకురావాలి. అప్పటికీ ఇదే వరస అయితే విజయవాడ నుంచి ఒకమ్మాయి అర్జీ పెట్టుకుని ఉంది, ఆ అమ్మాయిని తీసుకుంటారు. ఇది ఆవిడ మెత్తగానే చెప్పారు, కానీ చెప్పారు.

మర్నాడు సాయంత్రం వామనరావు మాస్టారి ఇంటికి వెళ్ళాడు. వసారాలో ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. కుర్చీ ఉంది, ఎప్పుడూ కూర్చోడు.

"మాస్టారూ, నేను మీరు చెప్పినట్టే చెప్పాను. ఒక్క అక్షరం మార్చలేదు. అదే మాట మీరంటే చేతులు జోడిస్తారు, నేనంటే నవ్వారు. నా నోట్లో ఎందుకు నిలవడం లేదు ఆ మాట?"

మాస్టారు నస్యం డబ్బీ తీశారు. "నవ్విందెవరు?"

"ఎవరో ఎక్సైజాయనండి. దానిమ్మ కాదట, గసగసాల కాయట! సారా కాచేవాళ్ళ వెంట పడే మనిషికి గ్రీకు దేవతల సంగతేం తెలుసండీ?"

"నీకేమనిపించింది?"

"మీరు దానిమ్మ అన్నారు కదండీ."

ముక్కు దాకా వెళ్ళిన మాస్టారి చెయ్యి అక్కడే ఆగిపోయింది. పట్టిన నస్యం వేళ్ళ మధ్య నుంచి శాలువా మీదికి రాలింది. ఆయన దులుపుకోలేదు. ఈ వయసులో ఆయన మనసు కష్టపెట్టాను, అదంతా ఆ ఎక్సైజాయన మూలాన్నే అని వామనరావు పళ్ళు నూరుకున్నాడు. మాస్టారు డబ్బీ మూసి, "రేపు పొద్దున చిలకలపూడి వెళ్దాం" అన్నారు.

చిలకలపూడిలో గిల్టు నగలు చేసేవాళ్ళు ఎందరో ఉన్నారు. చాలామందికి యంత్రాలు వచ్చేశాయి. లక్కోజు మోహనాచారి మాత్రం జాతరల్లో అమ్మే ఇత్తడి కాసులను ఇంకా చేత్తోనే ముద్ర వేస్తాడు. మొద్దులో దిగేసిన కింది అచ్చులో లక్ష్మి ఉంటుంది. చేత్తో పట్టుకునే పై అచ్చులో కలశం ఉంటుంది. కింది అచ్చు మీద నున్నటి బిళ్ళ పెట్టి, పై అచ్చు దాని మీద ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే ఒకవైపు లక్ష్మి, రెండోవైపు కలశం లేస్తాయి. గ్రీకులు కంచు నాణేలు కొట్టిందీ ఇలాగే. ఆ సంగతి మోహనాచారికి మాస్టారు ఎప్పుడో చెప్పారు. "అయితే ఆళ్ళు కూడా మావాళ్ళేనన్నమాట" అని అతను తీర్మానించుకున్నాడు.

"మా వామనుడి చేత బిళ్ళలు పెట్టించు మోహనాచారీ. నువ్వు కొడుతూ ఉండు, నాతో నాలుగు మాటలు మాట్లాడుతూ ఉండు" అన్నారు మాస్టారు, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

మోహనాచారి పని ఒకసారి చేసి చూపించాడు. ఎడం చేత్తో బిళ్ళ పెట్టడం, దెబ్బ పడ్డాక పట్టకారుతో కాసును ఎత్తి బుట్టలో వేయడం, వెంటనే ఇంకో బిళ్ళ. వామనరావుకు ఒకసారి చూపిస్తే చాలు. ఇట్టే అందుకున్నాడు. మోహనాచారి మోచెయ్యి ఎంత పైకి లేస్తే ఇతనిదీ అంతే లేచింది. అతను పట్టకారు తిప్పే ఒడుపు, దెబ్బకు ముందు ఊపిరి బిగబట్టడం, అన్నీ దిగిపోయాయి. చూపు మోహనాచారి చేతుల మీది నుంచి ఒక్క క్షణం కదలనివ్వలేదు. మోహనాచారి మాస్టారితో కూతురి కాన్పు కబుర్లు చెబుతూ, చూడకుండానే కొడుతున్నాడు. ముప్పై కాసులు పడ్డాయి, నలభై పడ్డాయి. ఒక దెబ్బ తరువాత వామనరావు పట్టకారు కింది అచ్చులోకి పోతే అక్కడేమీ తగల్లేదు. ఆచారే తీసి ఉంటాడనుకున్నాడు. లయ తప్పడం ఇష్టం లేక ఇంకో బిళ్ళ పెట్టాడు. దెబ్బ పడింది. తీశాడు, బుట్టలో వేశాడు. ఇంకోటి, ఇంకోటి, ఇంకోటి.

దెబ్బ చప్పుడు మారినట్టు అనిపించి మోహనాచారి మాట ఆపి బుట్టలో చెయ్యి పెట్టాడు. పైనున్న కాసులు తీసి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, ఏం చూత్తన్నారండీ బాబూ!"

కాసుకు ఒకవైపు లక్ష్మి చక్కగా లేచి ఉంది. రెండోవైపు కలశం ఉండవలసిన చోట కూడా లక్ష్మే ఉంది. కాకపోతే లేచి లేదు, లోపలికి గుంటగా దిగిపోయి ఉంది. ముక్కు ఉండవలసిన చోట పల్లం. కుడిచేతి తామర ఎడమచేతికి వచ్చింది. అలాంటివి నాలుగు పడ్డాయి. మొదటిదానిలో గుంట మొహం స్పష్టంగానే ఉంది. రెండోదానిలో బుగ్గలు పాకినట్టయ్యాయి. మూడోదానిలో అది మొహమని చెబితే గాని తెలియదు. నాలుగోదానిలో చెప్పినా తెలియదు.

"మీరు చేసినట్టే చేశానండీ" అన్నాడు వామనరావు.

"నేను చేసినట్టు చెయ్యడానికి మీరెందుకండీ, నేనున్నాగా! అచ్చు చూడాలి గానీ నా మొహం చూత్తే ఏవొత్తుంది?" అని మోహనాచారి పై అచ్చును తిరగేసి చూపించాడు. దాని నోట్లో ఒక కాసు బిగుసుకుని ఉంది. లోపలికి కలశం, బయటికి నవ్వుతూ లక్ష్మి. ఆ లక్ష్మే ప్రతి కొత్త బిళ్ళ మీదా తన మొహాన్ని గుచ్చుతూ వచ్చింది.

మాస్టారు చెయ్యి చాచి ఆ అచ్చు అందుకున్నారు. వామనరావుకు అప్పుడు గుర్తొచ్చింది, కాన్పు కబుర్లకు ఊఁ కొడుతున్నంతసేపూ ఆయన చూపు ఈ అచ్చు మీదనే ఉందని.

"తప్పు ఏ బిళ్ళది మోహనాచారీ?" అన్నారాయన.

"బిళ్ళకేం తెలుసండీ పాపం. ఎనకాలొచ్చినాటికి పెట్టినచోట పడుకోడమే తెలుసు."

"మరి ఈ ముందుదానిది?"

"దీనికి వంక పెట్టడానికి లేదండి. ఇవాళ పడ్డాటిలో ఇంత ముచ్చటగా ఇంకోటి పళ్ళేదు. కాకపోతే పడింతర్వాత ఊడిరాలేదు. అంత బాగా పడ్డదాన్ని ఊడగొట్టబుద్ధి కాదు నాకైతే. కానీ అదక్కడ కూచుంటే కలశం కిందికి రాదుగదండీ." మోహనాచారి సన్న ఉలి తెచ్చి అంచున పెట్టి సుత్తితో టక్కున తట్టాడు. కాసు ఎగిరి నేల మీద పడి, గిర్రున తిరిగి ఆగింది. దానికేమీ కాలేదు. పాడైన నాలుగింటినీ అతను పక్కనున్న, ఇత్తడి కరిగించే మూసలో పడేశాడు. "ఇయ్యి కూడా ఏం పోలేదండి. కరిగిత్తే మళ్ళీ బిళ్ళలే."

తిరుగు దారిలో మాస్టారు ఏదో ఒకటి అంటారని వామనరావు ఎదురుచూశాడు. అనలేదు. ఆటో కోనేరు సెంటరు దాటింది, ఇంకా అనలేదు. గుమ్మం దగ్గర దిగి, లోపలికి వెళుతూ, "ఈ ఆదివారం రావద్దు వామనా" అని తలుపు వేసుకున్నారు. పదకొండేళ్ళలో ఆ తలుపు అతని మొహం మీద మూసుకోవడం అదే మొదలు. వామనరావు అక్కడే కాసేపు నిలబడి, ఏడ్చి, కళ్ళు తుడుచుకుని ఇంటికి పోయాడు.

ఆదివారం ఎక్కడికి పోవాలో తెలియలేదు. సంఘం గది తాళం తీసుకుని, కిటికీ తెరిచి, ఆ నాణెం అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మొదట మాస్టారి గొంతు వినిపించింది, "దానిమ్మ" అని. వినిపించనిచ్చాడు. మళ్ళీ వినిపించింది. పోరాడి లాభం లేదని తెలిసి ఊరుకున్నాడు. ఎండ కిటికీ మీది నుంచి బల్ల మీదికి, బల్ల మీది నుంచి నేల మీదికి దిగింది. ఎప్పుడో ఆ గొంతు ఆగిపోయింది. బొటనవేలి కింద చదును మూత, మూత మీద గీతలు. గసగసాల కాయ. ఇంతవరకూ జకరయ్య గారికీ తెలుసు. వేలు పక్కకు జరిగింది. మాస్టారు కొమ్మ అని రాసిన సన్నటి గీత దగ్గర ఏదో గరుకుగా తగిలింది. గీతకు రెండువైపులా నలకల్లాంటి గింజలు, గింజల కొసన నూగు. కొమ్మకు నూగు ఉండదు. అది బార్లీ కంకి. ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదు, ఏ ఎక్సైజాయనా చెప్పలేదు. వామనరావుకు సంతోషం కలగలేదు. భయం వేసింది. మాస్టారి ఇంట్లోంచి ఏదో ఎత్తుకొచ్చినంత భయం వేసింది. చీటీ రాయడానికి కూర్చుంటే మూడు వాక్యాలకు మూడు రోజులు పట్టింది.

గురువారం హాలు నిండింది. నవ్వడానికి వచ్చినవాళ్ళు కూడా కొందరున్నారు. వామనరావు లోపలికి రాగానే మొదట చూసింది ముందు వరసలో మాస్టారు కూర్చునే కుర్చీని. ఖాళీగా ఉంది. ఆయన రాకపోవడమే మేలని ఒక క్షణం అనుకుని, అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. ఉద్యోగం సంగతి ఇక్కడే చెప్పేస్తే మంచిది. అది అతనికే ఇచ్చారు, ఆ రాత్రికే కాగితం మీద సంతకాలయ్యాయి. కానీ తెర మీద ఆ నాణెం బొమ్మ పడ్డప్పుడు అతనికి ఆ సంగతి తెలియదు.

"ఇది గసగసాల కాయ" అన్నాడు వామనరావు. గొంతు పీలగా, తనదే అయినా కొత్తగా వినిపించింది. "జకరయ్య గారు చెప్పింది నిజం. నాకు ఇది చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు. దీని పక్కనున్నది కొమ్మ కాదు, బార్లీ కంకి. నూగు వేలికి తగులుతుంది, కావాలంటే వచ్చి చూడండి. అందుకని ఇది పాతాళానికి పోయిన కూతురి నాణెం కాదు. తల్లిది. కూతురు తిన్న పండు కాదిది, తల్లి చేలో పక్కపక్కన మొలిచిన కాయా కంకీ. పిల్ల ఏటా కిందికి పోతుంది, వస్తుంది. తల్లి మాత్రం చేను దగ్గరే ఉంటుంది."

వెనక వరసల్లోంచి ఎవరో అన్నారు, "మరి మాస్టారి పుస్తకంలో దానిమ్మ అని ఉందే!" ఆ మాటతో తలలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. అప్పుడు చూశాడు వామనరావు. మాస్టారు వచ్చారు. తలుపు పక్కన, ఆఖరి వరసలో, చెప్పులు విడిచేచోట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. దమయంతి గారు లేచి, ఆయన్ను ముందుకు రమ్మని చెయ్యి చూపించారు. ఆయన రాలేదు. కూర్చున్నచోటి నుంచే, చెవి దగ్గర అరచెయ్యి ఒగ్గి, కాస్త ముందుకు వంగారు.

"ఇంకోసారి చెప్పవోయ్ వామనా. ఈ మాట నేనింతకు ముందు వినలేదు."